డిగ్లీపూర్ పెరట్లో వాతావరణ కేంద్రం

2014 అక్టోబరు 12 మధ్యాహ్నం విశాఖపట్నం మీద విరుచుకుపడిన హుద్‌హుద్ తుఫాను గురించి మీ ఇంట్లో పెద్దల్ని అడగండి. కథలు కథలుగా చెబుతారు. అయితే ఆ తుఫాను విశాఖ చేరడానికి నాలుగు రోజుల ముందే, అక్టోబరు 8 ఉదయం, అండమాన్ దీవుల్ని లాంగ్ ఐలండ్ దగ్గర దాటిందన్న సంగతి చాలామందికి తెలియదు. అక్కడి నుంచి విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్లు. నాలుగు రోజులకు లెక్క వేస్తే గంటకు పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు. అంటే తీరిగ్గా సైకిలు తొక్కేవాడి వేగం! లోపల సుడులు తిరిగే గాలి ఎంత ఉధృతంగా ఉన్నా, తుఫాను మొత్తంగా కదిలే వేగం ఇంతే.

దీనికి ఏడాది ముందు, 2013 అక్టోబరులోనే, తరవాత ఫైలిన్ తుఫానుగా మారిన వాయుగుండం ఉత్తర అండమాన్ దాపున మాయాబందర్ దగ్గర దీవుల్ని దాటి, 12వ తేదీ రాత్రి ఒడిశాలోని గోపాల్‌పూర్ వద్ద తీరాన్ని తాకింది. ఆ ఏడాదే నవంబరు 25న పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి దీని పేరు శ్రీ విజయపురం) దగ్గర దీవుల మీదుగా వెళ్ళిన లెహర్ తుఫాను 28న మచిలీపట్నం ప్రాంతానికి చేరింది. బంగాళాఖాతంలో తూర్పు నుంచి పడమరకు నడిచే తుఫానులకు అండమాన్ దీవులు దారి మధ్య మైలురాళ్ళ వంటివన్న మాట.

ఈ మైలురాళ్ళ వరుసలో ఉత్తరం కొసన ఉన్న ఊరు డిగ్లీపూర్. ఉత్తర అక్షాంశం 13 డిగ్రీల పైచిలుకు, తూర్పు రేఖాంశం 93 డిగ్రీలు. ఊరికి దక్షిణాన దీవులన్నిటిలోకీ ఎత్తయిన సాడిల్ పీక్ శిఖరం, 732 మీటర్లు. ఆ కొండల్లో పుట్టిన కల్పాంగ్ నది ఉత్తరంగా పారి ఏరియల్ బే దగ్గర సముద్రంలో కలుస్తుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వలస వెళ్ళి అండమాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అటువంటి ఒక ఇంట్లో మీరు ఉన్నారనుకుందాం. ఇంటికి రేకుల కప్పు, పెరట్లో పోక చెట్లు, కొబ్బరి చెట్లు. బజారులో దొరికే వైర్‌లెస్ వాతావరణ పరికరాల పెట్టె ఒకటి మీ చేతికి వచ్చింది. దాన్ని ఎక్కడ, ఎలా అమరిస్తే అది నిజం చెబుతుంది? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కాని, పెట్టెలోని కాగితం చూసి స్క్రూలు బిగించినంత మాత్రాన జవాబు దొరకదు. అబద్ధాలు చెప్పే పరికరం కన్నా పరికరం లేకపోవడమే నయం. ఎందుకో పోనుపోను మీకే బోధపడుతుంది.

పెట్టెలో రెండు భాగాలుంటాయి. బయట పెట్టే సెన్సర్ల గుత్తి ఒకటి. ఉష్ణోగ్రత, గాలిలో తేమ, వర్షం, గాలి వేగం, గాలి దిశ కొలిచే సాధనాలు అందులో ఉంటాయి. ఇంట్లో పెట్టే తెర రెండోది. బయటి నుంచి వచ్చే రేడియో సంకేతాలను అందుకుని అంకెలుగా చూపిస్తుంది. పీడనం కొలిచే బారోమీటరు మాత్రం సాధారణంగా ఈ ఇంటి లోపలి భాగంలోనే ఉంటుంది. పొరపాటు కాదు. తలుపులు వేసినా కిటికీల సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉంటుంది కనుక ఇంటి లోపలి పీడనం, బయటి పీడనం ఒక్కటే. వానలో నానే బాధ దానికెందుకు?

నీడ, గాలి

ఉష్ణోగ్రత సంగతి ముందు చూద్దాం. మనకు కావలసింది గాలి ఉష్ణోగ్రత. ఎండలో పెట్టిన ధర్మామీటరు తాను ఎంత వేడెక్కిందో చెబుతుంది గాని గాలి సంగతి చెప్పదు. ఈ చిక్కును తప్పించడానికే 19వ శతాబ్దిలో స్కాట్లండ్‌కు చెందిన థామస్ స్టీవెన్‌సన్ అనే ఇంజనీరు తెల్ల రంగు వేసిన చెక్క పెట్టెను రూపొందించాడు. దాని నాలుగు ప్రక్కలా ఏటవాలు పలకలుంటాయి. గాలి ధారాళంగా లోపలికి వస్తుంది, ఎండ రాదు. లైట్‌హౌసులు కట్టడం ఆయన వృత్తి. 'ట్రెజర్ ఐలండ్' నవల రాసిన స్టీవెన్‌సన్ ఆయన కుమారుడే. మీ పరికరంలో ఒకదానిమీద ఒకటి పేర్చిన తెల్లని ప్లాస్టిక్ పళ్ళాల దొంతర కనిపిస్తుందే, అది ఆ పెట్టెకు మనవరాలు.

కాని ఈ దొంతర గాలి ఆడితేనే పని చేస్తుంది. రేకుల కప్పు పక్కనే బిగిస్తే మిట్టమధ్యాహ్నం రేకు మీంచి లేచే వేడి నేరుగా అందులోకి వెళుతుంది. రేకులకు వీలైనంత దూరంగా, పచ్చగడ్డి ఉన్న నేల మీద, ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంచండి. ఇక్కడే మొదటి తగాదా వస్తుంది. గాలి వేగం కొలవాలంటే స్తంభం పొడుగ్గా, చెట్లకు దూరంగా ఉండాలి. ఉష్ణోగ్రతకేమో నేలకు దగ్గరగా ఉండాలి. అన్నీ ఒకే ముద్దగా తయారైన పరికరంలో రెండూ కుదరవు. కొనేటప్పుడే గాలి కొలిచే భాగం విడిగా వచ్చే రకం దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే మేలు.

ఉప్పు చేసే మేలు, కీడు

గాలిలో తేమను కొలిచే సెన్సరు నిజానికి ఒక చిన్న కెపాసిటరు. రెండు లోహపు పొరల మధ్య పలుచని పాలిమర్ పొర ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే ఆ పొర నీటి ఆవిరిని పీల్చుకుంటుంది, దాంతో కెపాసిటెన్స్ మారుతుంది. ఆ మార్పును లోపలి చిప్ శాతంలోకి తర్జుమా చేస్తుంది. ఇది సరిగ్గా చెబుతోందో లేదో తెలుసుకోవడానికి ఏ ప్రయోగశాలకూ పోనక్కరలేదు. మీ వంటింట్లో ఉప్పు డబ్బా ఉంటే చాలు.

ఒక సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేటంతగా నాలుగు చుక్కల నీళ్ళు పోయండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. ఈ మూతనూ, సెన్సరునూ గాలి చొరబడని డబ్బాలో పెట్టి బిగించండి. ఉప్పు సెన్సరుకు తగలకుండా చూడండి. ఒక రాత్రంతా ఎండ తగలని చోట కదపకుండా ఉంచండి. ఉప్పుతో సంతృప్తమైన నీరు తన పైనున్న గాలిలో తేమను 75 శాతం దగ్గర నిలబెడుతుంది. గది ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఈ అంకె దాదాపు మారదు. తెల్లవారి చూస్తే మీ తెర మీద 80 ఉందనుకోండి, పరికరం అయిదు శాతం ఎక్కువ చెబుతోందని అర్థం. ఆ అయిదూ తీసివేయమని అమరికలో చెప్పవచ్చు.

ఇంత మేలు చేసిన ఉప్పే సముద్రతీరంలో శత్రువవుతుంది. అలలు విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో ఆరిపోయి సన్నని ఉప్పు రేణువులవుతుంది. అవి వచ్చి సెన్సరు మూతకు అతుక్కుంటాయి. తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే గాలిలోని ఆవిరిని లాగి నీరుగారిపోతుంది. వానాకాలంలో మీ ఉప్పు డబ్బాలో జరిగేది ఇదే. డిగ్లీపూర్ వంటి చోట గాలిలో తేమ ఈ గీతకు పైనే ఉండే వేళలు ఎక్కువ. అంచేత ఉప్పు అంటిన సెన్సరు చుట్టూ ఎప్పుడూ ఒక తడి పొర నిలిచి ఉంటుంది. బయట ఎండ కాస్తున్నా తెర మీద 99 శాతం కదలదు. మీ పరికరం కొన్నాళ్ళుగా 99 దగ్గరే ఆగిపోయిందంటే పాడైందని విసిరేయకండి. దొంతరను విప్పి పళ్ళాలను మంచినీటితో కడగండి, సెన్సరు మీది వడపోత మూతను మార్చండి. చాలాసార్లు మామూలు స్థితికి వస్తుంది. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి. మామూలు ఇనుప స్క్రూలు ఒక్క వానాకాలం దాటితే తుప్పు పట్టి విప్పడానికి రావు.

తూగుడు దొన్నె

వర్షాన్ని కొలిచే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. గరాటు కింద ఉయ్యాల బల్లలా అటూ ఇటూ తూగే రెండు చిన్న దొన్నెలుంటాయి. ఒకటి నిండగానే బరువుకు వాలి నీళ్ళు ఒలికిస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. వాలినప్పుడల్లా ఒక చిన్న అయస్కాంతం రీడ్ స్విచ్ ముందుగా పోతుంది. ఒక టిక్కు. టిక్కుల్ని లెక్కపెడితే వర్షం తెలుస్తుంది.

ఇందులో లెక్క మీరే చేయవచ్చు. గరాటు మూతి వ్యాసం 20 సెంటీమీటర్లు అనుకుందాం. వైశాల్యం సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అందులో పడే నీరు 31.4 మిల్లీలీటర్లు. ఒక్కొక్క టిక్కుకు 0.2 మి.మీ. అని పరికరం మీద రాసి ఉంటే, ప్రతి దొన్నెలోనూ 6.28 మిల్లీలీటర్లు పట్టాలి. ఇప్పుడు 314 మిల్లీలీటర్ల నీటిని కొలిచి, అడుగున సూదితో బెజ్జం వేసిన ప్లాస్టిక్ సీసాలో పోసి, గరాటు మీద నిలబెట్టండి. నీరు అరగంటకు తక్కువ కాకుండా బొట్లు బొట్లుగా దిగాలి. ఇది 10 మి.మీ. వానకు సమానం కనుక 50 టిక్కులు రావాలి. 47 మాత్రమే వచ్చాయంటే, యాభైని నలభై ఏడుతో భాగిస్తే వచ్చే 1.06తో మీ అంకెల్ని హెచ్చించాలి. మీ గరాటు కొలత వేరైతే లెక్క కూడా ఆ మేరకు మారుతుందని మరిచిపోకండి.

హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మి.మీ. వాన పడితే, అండమాన్‌లో మూడు వేల దాకా పడుతుంది. ఇటువంటి చోట దొన్నెకు ఇంకొక కష్టం ఉంది. గంటకు 100 మి.మీ. చొప్పున కుండపోత కురుస్తోందనుకోండి. గంటకు 500 టిక్కులు, అంటే ఏడు సెకన్లకు ఒకసారి దొన్నె వాలుతుంది. వాలడానికి పట్టే అరక్షణంలో గరాటులోంచి జారే నీరు కొంత, అప్పటికే నిండిన దొన్నెలోనే పడి లెక్కలోకి రాకుండా పోతుంది. వాన ఎంత జోరైతే లోటు అంత ఎక్కువ. అంటే మనకు అన్నిటికన్నా అవసరమైన రోజునే పరికరం తక్కువ చెబుతుంది! అందుకని పక్కనే ఒక సాదా వర్షమాపకాన్ని కూడా ఉంచండి. నిటారు గోడలున్న సీసా, స్కేలు చాలు. తూగుడు దొన్నె వాన ఎప్పుడు, ఎంత జోరుగా కురిసిందో చెబుతుంది. మొత్తం ఎంత అన్నదానికి సీసా మాట నమ్మండి.

మరొక చిన్న సంగతి. మీ తెర రోజు మొత్తాన్ని అర్ధరాత్రికి సున్నా చేస్తుంది. భారత వాతావరణ శాఖ లెక్కలో వర్షపు రోజు ఉదయం 8.30తో ముగుస్తుంది. మీ అంకెను మాయాబందర్ కేంద్రం అంకెతో పోల్చాలనుకుంటే ఉదయం 8.30కే నమోదు చేసుకోవాలి. లేకపోతే రాత్రి పదకొండుకు మొదలై తెల్లవారుజామున ఆగిన వాన మీ పుస్తకంలో రెండు ముక్కలవుతుంది. ఆ శాఖ 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం అనీ, 115.6 నుంచి అతి భారీ అనీ, 204.5 నుంచి అత్యంత భారీ అనీ అంటుంది.

గరాటులో కొబ్బరి పూత, పక్షి రెట్టలు, ఆకులు చేరతాయి. దొన్నె కింద చీమలు పుట్ట పెడతాయి. పళ్ళాల దొంతరలో సాలీడు కాపురం పెడుతుంది. వారానికొకసారి చూడక తప్పదు.

గాలి గిన్నెలు

గిన్నెలు తిరిగే వాయువేగమాపకాన్ని 1846లో ఐర్లండ్‌లోని అర్మా నక్షత్రశాలకు చెందిన రాబిన్‌సన్ తయారు చేశాడు. గిన్నె బోలు వైపు గాలికి ఎక్కువ ఎదురు నిలుస్తుంది, వీపు వైపు తక్కువ. అందుకే ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరుగుతుంది. వాతావరణ కేంద్రాల్లో దీన్ని బయలు ప్రదేశంలో 10 మీటర్ల ఎత్తున ఉంచుతారు. మీ మూడు మీటర్ల స్తంభం, పోక తోటల మధ్య, అంతకన్నా తక్కువే చూపిస్తుంది. ఆ అంకెను విశాఖ విమానాశ్రయం అంకెతో పోల్చి గర్వపడడమో చిన్నబుచ్చుకోవడమో అనవసరం.

దిశ చూపే తోకను మాత్రం జాగ్రత్తగా అమర్చండి. దాని మీద ఉత్తరం అని రాసిన గుర్తు నిజంగా ఉత్తరానికే తిరగాలి. అండమాన్‌లో దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా స్వల్పం కనుక దిక్సూచితో పని జరుగుతుంది. సరదాగా చేయాలంటే మబ్బు లేని రాత్రి ధ్రువ నక్షత్రాన్ని వెతకండి. డిగ్లీపూర్ అక్షాంశం 13 డిగ్రీలు కనుక అది దిగంతానికి 13 డిగ్రీల ఎత్తునే ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు పది డిగ్రీలు. దాని మీద మరో రెండు వేళ్ళు. తెలుగు పుస్తకాల్లో చదివి నడినెత్తిన వెతికితే దొరకదు సుమా!

తడి ఆకుల మధ్య రేడియో

బయటి గుత్తి ఇంటితో ఎలా మాట్లాడుతుంది? దాదాపు పది, ఇరవై సెకన్లకొకసారి ఒక చిన్న రేడియో సందేశం పంపుతుంది. అందులో ముందుగా తన గుర్తింపు సంఖ్య ఉంటుంది. పక్కింట్లోనూ ఇటువంటి పరికరమే ఉంటే తికమక కాకూడదు కదా. తరవాత కొలతలు. చివర ఒక సరిచూపు సంఖ్య. సందేశంలోని అంకెలన్నిటినీ ఒక నిర్ణీత పద్ధతిలో లెక్కిస్తే ఈ సంఖ్య రావాలి. రాకపోతే దారిలో ఎక్కడో చెడిందని గ్రహించి తెర ఆ సందేశాన్ని పారేస్తుంది.

ఇందులో ఒక తెలివి ఉంది, గమనించండి. వర్షం గురించి పంపేటప్పుడు 'ఇప్పుడు రెండు టిక్కులు' అని పంపదు. 'మొదటి నుంచి ఇప్పటికి 1,846 టిక్కులు' అని మొత్తం పంపుతుంది. మధ్యలో పది సందేశాలు పోయినా, పదకొండోది అందగానే తేడా తీసుకుంటే వాన లెక్క ఒక్క టిక్కు కూడా తప్పదు. అదే గాలి విసురు విషయంలో అలా కాదు. అందని సందేశంలో ఉన్న విసురు అందకుండానే పోతుంది.

అమెరికాలో అమ్మే పరికరాలు ఎక్కువగా 915 మెగాహెర్ట్జ్ దగ్గర, ఐరోపావి 868 దగ్గర పనిచేస్తాయి. మన దేశంలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా వదిలిన పట్టీ 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా. 915కు దిగువన ఉన్న పట్టీ మన సెల్‌ఫోన్లది. విదేశాల నుంచి చుట్టాలు తెచ్చే పెట్టె మీద 915 అని ఉంటే తీసుకోకండి. చట్టం మాట అటుంచి, సెల్‌ఫోన్ల గోలలో దాని మాట వినపడకపోవచ్చు.

866 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం ఎంత? కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే 34.6 సెంటీమీటర్లు. ఏరియల్ అందులో నాలుగో వంతు, అంటే 8.7 సెంటీమీటర్ల తీగ. పెట్టె మీద 'వంద మీటర్లు' అని రాసి ఉంటుంది. అది అడ్డులేని మైదానంలో మాట. లోహపు రేకు రేడియో తరంగాల్ని అద్దంలా తిప్పికొడుతుంది. ఆకుల మీది నీరు వాటిని పీల్చుకుంటుంది. వేసవిలో చక్కగా అందిన సంకేతం మే మూడోవారం దాటి నైరుతి రుతుపవనాలు దిగగానే మొరాయించడానికి కారణం ఇదే. అందుచేత పరికరాన్ని వానలోనే పరీక్షించాలి. తెరను సెన్సరు వైపున్న కిటికీ దగ్గర, రేకు గోడకు ఎడంగా పెట్టండి. రెండు ఏరియళ్ళూ నిటారుగా ఉండాలి; ఒకటి నిలువు, ఒకటి అడ్డం అయితే అందే శక్తి బాగా పడిపోతుంది. దూరం సగం చేస్తే అందే శక్తి నాలుగింతలవుతుంది కనుక, అయిదారు మీటర్లు దగ్గరకు జరపడం ఖరీదైన ఏరియల్ కొనడం కన్నా మేలు.

బ్యాటరీ సంగతి కూడా లెక్క వేద్దాం. సందేశం పంపేటప్పుడు 20 మిల్లీఆంపియర్లు, పదో వంతు సెకను పాటు, 16 సెకన్లకొకసారి. సగటున 0.125 మిల్లీఆంపియరు. నిద్రలో వాడే 0.05 కలిపితే 0.175. రెండు వేల మిల్లీఆంపియర్-గంటల సెల్లు 11,400 గంటలు, అంటే ఏడాది మూడు నెలలు నడుస్తుంది. సోలార్ పలక ఉన్నదే కొన్నా, రోజుల తరబడి మబ్బు వీడని శ్రావణ మాసంలో పని చేసేది ఈ సెల్లే. మే నెల మొదట్లో మార్చేయండి.

అండమాన్‌కు వైర్‌లెస్ కొత్త కాదు. 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లోనే పోర్ట్ బ్లెయిర్‌కూ బర్మా తీరంలోని డైమండ్ ఐలండ్‌కూ మధ్య వైర్‌లెస్ టెలిగ్రాఫ్ నడిచింది. నాటి దానికి పెద్ద స్తంభాలు, మనుషులు కావలసి వచ్చింది. నేడు అదే పని అరచేతిలో పట్టేంత బిళ్ళ చేస్తోంది.

పగలు రెండుసార్లు ఊపిరి తీసే గాలి

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ అశ్రద్ధ చేసేది బారోమీటరు. తెర మీద హెక్టోపాస్కల్ అని ఉంటుంది. మన పాత పుస్తకాల్లోని మిల్లీబారు అదే కనుక మనం మిల్లీబారు అనే అందాం.

సముద్రమట్టానికి దగ్గరలో ఇంచుమించు తొమ్మిది మీటర్లు పైకి వెళితే పీడనం ఒక మిల్లీబారు తగ్గుతుంది. సాడిల్ పీక్ శిఖరం మీద, సముద్రతీరంలో కన్నా 80 మిల్లీబార్లు తక్కువ. మీ ఇల్లు 36 మీటర్ల ఎత్తున ఉంటే మీ బారోమీటరు తీరంలో కన్నా నాలుగు మిల్లీబార్లు తక్కువ చూపిస్తుంది. పరికరంలో రెండు అంకెలుంటాయి: ఉన్నచోటి పీడనం, సముద్రమట్టానికి సవరించిన పీడనం. రెండో దాన్ని మీరు సరిచేయాలి. వాతావరణం నిలకడగా ఉన్న నాలుగైదు రోజులు, ఉదయం 8.30కు వాతావరణ శాఖ మాయాబందర్‌కు ప్రకటించే సముద్రమట్ట పీడనాన్ని మీ అంకెతో పోల్చి, సగటు తేడాను సవరణగా పెట్టండి.

ఈ నాలుగు మిల్లీబార్ల పట్టింపు ఎందుకంటారా? ఉష్ణమండల సముద్రాల్లో నావికులకు ఒక పాత సూత్రం ఉంది. సవరించిన పీడనం ఆ కాలానికి, ఆ వేళకు ఉండవలసిన దానికన్నా మూడు మిల్లీబార్లు తగ్గితే అనుమానించు; అయిదు తగ్గితే దగ్గరలో తుఫాను ఉన్నట్లే భావించు. మీ పరికరంలోనే నాలుగు తప్పు ఉంటే ఏం జరుగుతుందో ఆలోచించండి. ప్రశాంతమైన రోజున పడవవాళ్ళను భయపెడతారు. తప్పు రెండో వైపు ఉంటేనో, అసలు ప్రమాదం రోజున 'ఏం లేదు' అని చెబుతారు. ఒకసారి రెండుసార్లు ఇలా జరిగితే తరవాత మీరు నిజం చెప్పినా వినేవారుండరు. మన దేశంలో ఈ పట్టింపును ఒక శాస్త్రంగా నిలబెట్టిన వారిలో అన్నా మణి ఒకరు. 1948లో వాతావరణ శాఖలో చేరిన ఆమె సుమారు వంద రకాల పరికరాల నమూనాలను ప్రమాణీకరించి, దిగుమతులు లేకుండా ఇక్కడే తయారు చేయించారు.

'ఆ వేళకు ఉండవలసిన దానికన్నా' అన్నాను కదా. ఏ రోజైనా మీ తెర మీది పీడన రేఖను చూడండి. ఏ తుఫానూ లేని రోజున కూడా అది రెండుసార్లు లేచి రెండుసార్లు దిగుతుంది. సూర్యుడి వేడికి పై వాతావరణం పన్నెండు గంటల లయలో ఊగుతుంది. ఉష్ణమండలంలో ఈ ఊపు స్పష్టంగా తెలుస్తుంది. సూర్యకాలం ప్రకారం ఉదయం పది, రాత్రి పది ప్రాంతాల్లో ఎక్కువ. తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో తక్కువ. తేడా మూడు నాలుగు మిల్లీబార్లు. ఉదయం పదికి చూసి, సాయంత్రం నాలుగుకు చూసి 'అమ్మో, మూడు పడిపోయింది' అని గాభరా పడితే అది రోజూ పడేదే!

ఇంకో మెలిక. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. డిగ్లీపూర్ 93 డిగ్రీల మీద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ 42 నిమిషాలు ముందుంటాడు. కనుక ఉదయపు శిఖరం గడియారంలో తొమ్మిదీ ఇరవై ప్రాంతంలోనే కనిపించాలి. ఒక నెల రోజులు గంటగంటకూ నమోదైన పీడనాన్ని తీసుకుని, ఒక్కొక్క గంటకు సగటు కట్టి గ్రాఫు గీయండి. అది మీ ఇంటి గాలి మామూలుగా తీసే ఊపిరి. ఇక మీదట ఏ గంటకైనా కనిపించిన అంకెలోంచి ఆ గంట సగటును తీసివేసి చూడండి. మిగిలేదే అసలు వార్త.

తుఫాను ఎటువైపు?

డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో ఒక సూత్రం ప్రకటించాడు. ఉత్తరార్ధగోళంలో గాలి వచ్చే దిక్కుకు వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. 'సైక్లోన్' అన్న మాటను 1848లో వాడుకలోకి తెచ్చిన హెన్రీ పిడింగ్‌టన్ కలకత్తాలో కూర్చుని పరిశీలించింది మన బంగాళాఖాతపు తుఫానులనే.

హుద్‌హుద్‌కు ఈ సూత్రాన్ని పెట్టి చూద్దాం. తుఫాను తూర్పు ఆగ్నేయం నుంచి వచ్చి లాంగ్ ఐలండ్ మీదుగా, డిగ్లీపూర్‌కు దక్షిణంగా దాటింది. కేంద్రం మీకు ఆగ్నేయాన ఉన్నప్పుడు ఈశాన్యం గాలి వీస్తుంది. దక్షిణానికి వచ్చేసరికి తూర్పు గాలి. నైరుతికి వెళ్ళిపోయాక ఆగ్నేయపు గాలి. మీ తోక గడియారం ముళ్ళ దిక్కుగా తిరుగుతుంది. అదే తుఫానుకు దక్షిణాన ఉన్న పోర్ట్ బ్లెయిర్‌లో వాయవ్యం, పడమర, నైరుతి అని ఎదురు దిక్కుగా తిరుగుతుంది. గాలి దిశ మారకుండా వేగం పెరుగుతూ, పీడనం పడిపోతూ ఉంటే? కేంద్రం తిన్నగా మీ మీదికే వస్తోందని. కాగితం మీద బొమ్మ గీసుకుని మూడూ సరిచూడండి.

అయితే ఒక హద్దు ఉంది. మీ పెరటి కేంద్రం తుఫాను ఎటువైపుందో చెప్పగలదు గాని, రేపు అది బలపడుతుందో లేదో చెప్పలేదు. దీవులు దాటాక హుద్‌హుద్ అతి తీవ్ర తుఫానుగా పెరిగింది. లెహర్ దీవులు దాటాక బాగా బలపడి కూడా, మచిలీపట్నం చేరేసరికి వాయుగుండంగా నీరసించింది. ఆ రెంటిలో తేడాను ఉపగ్రహాలు, ఓడలు, విమానాలు, రాడార్లు, కంప్యూటర్లు కలిసి పసిగట్టవలసిందే. వాతావరణ శాఖ హెచ్చరిక ఇచ్చి, మీ బారోమీటరు ఏమీ చూపకపోతే, హెచ్చరికే ప్రమాణం. పడవ ఒడ్డునే ఉండాలి.

హెచ్చరిక వచ్చిన రోజున వాన మొదలు కాకముందే గాలి గిన్నెలు, తోక ఉన్న స్తంభాన్ని దించి ఇంట్లో పెట్టేయండి. 'తుఫాను గాలినే కొలవాలనుకున్నాం కదా' అని ఉసూరుమనిపిస్తుంది. కాని ఊడి ఎగిరే ఇనుప గొట్టం పక్కింటి రేకుల్ని చీల్చుకుపోగలదు. వాన సీసాను రాయి కట్టి ఉంచవచ్చు. తెరకు కొత్త సెల్లులు వేయండి, కరెంటు పోవడం ఖాయం. బారోమీటరు ఎటూ లోపలే ఉంది. ఒక నోటు పుస్తకం, పెన్సిలు, టార్చిలైటు దగ్గర పెట్టుకుని అరగంటకొకసారి పీడనం రాసుకోండి. సందేహం ఉన్న అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టండి గాని కొట్టివేయకండి. ఇల్లు గట్టిది కాకపోతే మాత్రం పుస్తకాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి చంకన పెట్టుకుని, పెద్దలతో పాటు ఆశ్రయ కేంద్రానికి నడవండి.